దుబాయ్ దుకాణం, ఎమిరేట్స్ విమానం

సభలోని పెద్దలకు, కామర్స్ విద్యార్థులకు నమస్కారం.

విమాన సంస్థల మధ్య పోటీ అనగానే మనం టికెట్ ధర, సీటు, భోజనం గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను దుకాణం గురించి మాట్లాడతాను. విమానం మారే మధ్యలో మనవాళ్లు కొనే అత్తరు సీసా, చాక్లెట్ డబ్బా కూడా ఒక విమాన సంస్థకు బలమవుతాయి. అయితే ఆ బలం అన్ని సంస్థలకూ దక్కదు.

1947లో ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయంలో బ్రెండన్ ఓరీగన్ డ్యూటీ ఫ్రీ దుకాణం, అంటే సుంకాలు లేకుండా సరుకులు అమ్మే దుకాణం పెట్టారు. విమానాశ్రయాల్లో అలాంటి దుకాణం అదే మొదటిది. అట్లాంటిక్ దాటే విమానాలు అప్పట్లో ఇంధనం కోసం అక్కడ ఆగక తప్పేది కాదు. ప్రయాణికుల చేతిలో డబ్బుంది, చేయడానికి పని లేదు. జెట్ విమానాలొచ్చాక చాలావరకు షానన్‌లో దిగకుండానే వెళ్లిపోయాయి గానీ, ఆ కిటుకు దుబాయ్ పట్టుకుంది. 1983 డిసెంబరులో దుబాయ్ డ్యూటీ ఫ్రీ తెరిచినప్పుడు ఐర్లండ్ నుంచే బృందాన్ని పిలిపించారు. వారిలో ఒకరైన కోల్మ్ మెక్‌లొక్లిన్ నాలుగు దశాబ్దాలు దాన్ని నడిపారు. ఎమిరేట్స్ మొదటి విమానం ఎగిరింది 1985 అక్టోబరులో. అంటే అక్కడ ముందు దుకాణం వచ్చింది, తర్వాతే విమాన సంస్థ.

హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా వెళ్లేవారికి నడుమ ఆగే చోటే లేదు. దుబాయ్ మీదుగా వెళ్లేవారు మాత్రం రెండు మూడు గంటలు అక్కడే తిరుగుతారు. అర్ధరాత్రయినా బంగారం కౌంటర్ దగ్గర సందడే. సెలవు మీద ఊరికొచ్చే జగిత్యాల, కడప, కోనసీమ కార్మికులు పిల్లలకు చాక్లెట్లు, ఇంటికి పాలపొడి డబ్బాలు కొంటుంటారు. ఎకానమీలో చేతిసంచికి 7 కిలోలే అనే ఎమిరేట్స్, డ్యూటీ ఫ్రీలో కొన్న మద్యం, సిగరెట్లు, అత్తర్లను మితంగా అదనంగా తెచ్చుకోనిస్తుంది. ఈ సడలింపు చిన్నదే అయినా, దుకాణం గిరాకీని కాపాడేది ఇలాంటి నియమాలే.

2023లో ఆ దుకాణం అమ్మకాలు 216 కోట్ల డాలర్లు. దుకాణం, విమానాశ్రయం, ఎమిరేట్స్ మూడూ దుబాయ్ ప్రభుత్వానివే; మూడింటికీ అధిపతి షేక్ అహ్మద్ బిన్ సయీద్. కాబట్టి విమానం తెచ్చిన ప్రయాణికుడు దుకాణంలో ఖర్చు పెట్టినా ఆ డబ్బు ఒకే ఇంట్లో ఉంటుంది. దుకాణం ఆదాయం బాగున్న విమానాశ్రయం విమానాల దగ్గర వసూలు చేసే రుసుములను అదుపులో ఉంచగలదు. ఖతర్‌లో ఈ బంధం ఇంకా దగ్గరిది: డ్యూటీ ఫ్రీ వ్యాపారం ఖతర్ ఎయిర్‌వేస్ గ్రూపులోనే భాగం.

2015లో అమెరికా విమాన సంస్థలు, మూడు గల్ఫ్ విమాన సంస్థలకు 4,200 కోట్ల డాలర్లకు పైగా ప్రభుత్వ సాయం అందిందని ఆరోపించాయి. ఎమిరేట్స్ గట్టిగా ఖండించింది. నా మటుకు, సాయం లెక్కల కంటే ఈ ఉమ్మడి యాజమాన్యమే ముఖ్యం. ఇందులో దాపరికమేమీ లేదు, అనుకరించడమే కష్టం.

మన దగ్గర శంషాబాద్ విమానాశ్రయాన్ని జీఎంఆర్ సంస్థ నడుపుతుంది. ఎయిరిండియా టాటాలది. ఎయిరిండియా ప్రయాణికుడు శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో ఎంత కొన్నా టాటాల ఖాతాలో పైసా పడదు. 2016 పౌర విమానయాన విధానం ప్రకారం, దుకాణాల వంటి ఇతర ఆదాయాల్లో 30 శాతాన్ని మాత్రమే విమాన రుసుములు తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు. హైదరాబాద్‌ను గల్ఫ్‌కు దీటైన కూడలిగా చేస్తామని చెప్పే నాయకులెవరైనా మీకు ఎదురైతే, ఈ 30 శాతం గురించి అడగండి. ఆ వాటా పెరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. టికెట్‌తో పాటు విమానాశ్రయానికి చేరే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు కట్టేది మనమే కదా.