మీటరు మీది ఎర్ర దీపం

శ్రోతలకు నమస్కారం. కరెంటు పొదుపు అనగానే గదిలోంచి వెళ్లేటప్పుడు లైటు ఆపమంటాననుకుని ఉంటారు. ఈ రోజు లైట్ల జోలికి పోను. తొమ్మిది వాట్ల బల్బు వెంటపడి, రెండు వేల వాట్ల గీజరును పట్టించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. మా ఇల్లూ అందులో ఒకటి.

చిక్కడపల్లిలో మేముండే అపార్ట్‌మెంటుకు మీటర్లన్నీ మెట్ల కింద ఉన్నాయి. మొన్న ఆదివారం గడియారం చూసుకుంటూ అక్కడ నిలబడ్డాను. మా ఆవిడ పైన ఫోనులో ఉంది. మా మీటరులో ఎర్ర దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఆ అంకె మీటరు మీదే ఉంటుంది. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపించి, పాత ఫ్యాను ఒక్కటి వేయమన్నాను. నిమిషానికి నాలుగు మెరుపులు. "ఫ్యాను ఆపి గీజరు వేశానండీ" అంది. ఇక లెక్కపెట్టడం నా వల్ల కాలేదు, సెకనుకు రెండుసార్లు కొట్టుకుంటోంది. అదీ ఆపేశాక కూడా రెండు నిమిషాలకొకసారి మెరుస్తూనే ఉంది. ఎక్కడా అని వెతికితే, టీవీ కింది సెట్‌టాప్ బాక్సు! టీవీని రిమోటుతో ఆపి మనం పడుకుంటాం, అది మాత్రం తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది.

నీళ్లు కాగుతూ గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. ఆ యూనిట్ బొగ్గుతో తయారైతే సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 1920లో కట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రం ఒకప్పుడు మన హుస్సేన్ సాగర్ ఒడ్డునే ఉండేది. ఇప్పుడు బొగ్గు రామగుండంలో మండుతోంది, పొగ మన కంట పడదు. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే చేయి కాలేలా ఉంటాయి. అయినా పొద్దున్నే గీజరు స్విచ్చి మీదికి చేయి దానంతటదే పోతుంది. నాదీ అంతే.

ఏసీ సంగతి ఒక్క మాట. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. దాన్ని 18కి దించేది మనమే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క.

"మాకు జీరో బిల్లు, మాకెందుకండీ ఇవన్నీ?" అన్నారు పక్కింటాయన. ఆ ఉచిత కరెంటు నెలకు 200 యూనిట్ల వరకేనని, అది దాటితే మొత్తం బిల్లు కట్టాలని గుర్తుచేశాను. ఆ సాయంత్రమే ఆయనా మెట్ల కింద కనిపించారు.

మీరూ ఓ ఆదివారం చూడండి. అయ్యాక ఫ్రిజ్ మళ్లీ వేయడం మాత్రం మరవకండి. నేను మరిచాను. సాయంత్రానికి పాలు విరిగాయి.