డిరైవ్ అనే మాటలో ఒక కాలువ

సభకు నమస్కారం. ఇంటర్ పిల్లలే ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి, మిమ్మల్ని బాగా ఏడిపించే మాటనే పట్టుకొచ్చాను: డిరైవ్. ఫిజిక్స్ పేపర్లో పెద్ద ప్రశ్న దీంతోనే మొదలవుతుంది కదా.

దీని మూలం లాటిన్‌లోని దెరివారె. 'దె' అంటే నుంచి, 'రివుస్' అంటే చిన్న ఏరు, కాలువ. ఏటి నీటిని పక్కకు మళ్ళించి కావలసిన చోటికి తీసుకుపోవడం అన్నమాట. ఒక మాటలోంచి ఇంకో మాట తీయడానికి కూడా లాటిన్ వ్యాకర్తలు దీన్నే వాడుకున్నారు. పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. మొదట్లో అక్కడా నీళ్ళ అర్థం ఉండేది, తర్వాత ఇంకిపోయింది.

ఈ అర్థం ఇంకెవరికైనా బొమ్మ గీసి చెప్పాలేమో గానీ, మనకెందుకండీ! 1847లో మొదలెట్టి 1852 కల్లా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర చేయించింది అదేగా. ఆనకట్ట దగ్గర గోదారి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు మళ్ళి, పెద్ద కాలువ, పంట కాలువ, బోదె దాటుకుని మడిలోకి దిగుతుంది.

అందుకే, గొప్పగా ఉంటుందని గెట్ రాయాల్సిన చోటల్లా డిరైవ్ రాయకండి. బజార్లో పులస కొన్నవాడు దాన్ని డిరైవ్ చెయ్యడు, కొంటాడంతే. కొబ్బరి తోట మీద ఆదాయం వస్తోందంటే ఈ మాట నప్పుతుంది. న్యూటన్ సూత్రాల నుంచి సమీకరణం రాబట్టినా నప్పుతుంది. మధ్యలో రెండు మెట్లు మింగేసి చివరి సమీకరణం రాసేశారనుకోండి, గండి పడ్డ కాలువే. పక్కన ఫ్రమ్ మాత్రం మరవొద్దు.

రివర్ కూడా రివుస్ నుంచే పుట్టిందనిపిస్తుంది. కాదు. అది రిపా సంతానం. రిపా అంటే గట్టు. ఒడ్డు చేరడమనే అర్థంతో పుట్టిన అరైవ్ కూడా ఆ ఇంటిదే. రివుస్‌కి అసలు చుట్టం రైవల్! రోమన్ న్యాయగ్రంథాల్లో రివాలిస్ అంటే ఒకే కాలువ నీళ్ళు వాడుకునే పక్క రైతు. ఆయన ప్రత్యర్థి ఎలా అయ్యాడో నేను చెప్పక్కర్లేదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులవారీ నీళ్ళిచ్చేటప్పుడు, రాత్రి ఎగువ తూము తలుపు ఎవడెత్తాడని కాలువ కాపలా చూసే లస్కరు మీదికి వెళ్ళే శివారు రైతునడగండి, నాకంటే బాగా చెబుతాడు.

ఇక మీ ప్రశ్నలు కానివ్వండి.