అమ్మ గురించి ఏం రాయాలి?

(విశాఖపట్నం శ్రోతల సందేహాలకు ఒక మేడమ్ సలహాలిచ్చిన ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఒక భాగం)

యాంకర్: హలో, నమస్కారమండీ. ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: కంచరపాలెం నుంచండీ. మేడమ్ గారితో మాట్లాడాలి.

మేడమ్: వింటున్నాను, చెప్పండమ్మా.

కాలర్: మార్గశిరంలో మా అమ్మ సంవత్సరీకం మేడమ్. ఆవిడ మీద చిన్న పుస్తకం వేసి, వచ్చినవాళ్లకి పంచుదామంటున్నాడు తమ్ముడు. రాసే పని నాకప్పజెప్పాడు. రాయడానికి కూర్చుంటే ‘ప్రేమమూర్తి, త్యాగమూర్తి’ దగ్గరే ఆగిపోతున్నాను. అవి ఎవరి అమ్మకైనా రాస్తారు కదండీ.

మేడమ్: ఆ మాటలు పక్కన పెట్టండి. పొద్దున్న లేవగానే అమ్మ ఏం చేసేవారు?

కాలర్: చీకటుండగానే లేచి కుళాయి దగ్గర నీళ్లు పట్టేది. ముగ్గేసి కుట్టుమిషన్ ముందు కూర్చునేది. నాన్న పోర్టులో కలాసీ. ఆ జీతంతో మా చదువులు సాగవని జాకెట్లు కుట్టేది. ఇంకోటి మేడమ్... ఏదైనా గుర్తుంచుకోవాలంటే కొంగుకి ముడేసుకునేది. గ్యాస్ బుక్ చెయ్యాలంటే ఒకటి, మా బాబు స్కూలు ఫీజుకి ఒకటి. సాయంత్రం వాడు ఒళ్లో కూర్చుని ‘ఇదేటమ్మమ్మా?’ అంటూ ఒక్కోటీ విప్పేవాడు. ఏ ముడి దేనికో ఒక్కటీ మర్చిపోయేది కాదు.

మేడమ్: ఇదే రాయండమ్మా, ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు. ఆవిణ్ని చూడనివాళ్లకి కూడా కళ్లముందు కనబడతారు. మరి హుద్‌హుద్ తుపాను నాడు ఎక్కడున్నారు?

కాలర్: ఇక్కడే. 2014 అక్టోబరు 12, ఆదివారం. రేకులు ఎగిరిపోయాయి. తర్వాత కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ దొరకడమే గగనం. దొరికిన పాలు కాచి, ముందు పసిపిల్లలున్న ఇళ్లకి ఇచ్చి వచ్చేది. మాకు డికాషనే.

మేడమ్: అదీ రాయండి. త్యాగమన్న మాట మీరు వాడక్కర్లేదు, ఆ డికాషన్ చాలు. ఇంకో ముఖ్యమైన మాట. మీకు అమ్మ కాకముందు కూడా ఆవిడకో బతుకుంది. ఏ ఆటలాడారు, ఎవరితో దెబ్బలాడారు, ఏం చదవాలనుకున్నారు? అవి పిల్లలకి తెలీవు. తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?

కాలర్: పెద్దమ్మ ఉంది, రాజాంలో.

మేడమ్: సంవత్సరీకం నాడు జనంలో అడిగితే ఆవిడ ఏడుస్తారు తప్ప చెప్పలేరు. ముందే వెళ్లండి. పాత ఫోటోలు పట్టుకెళ్లి ఒక్కోటీ చూపిస్తూ అడగండి. ఆవిడకి చెప్పే, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి.

కాలర్: అలాగే మేడమ్. బాబు సంగతి కూడా అడగాలి. తొమ్మిదేళ్లు. అమ్మమ్మే పెంచింది వాణ్ని. ఆవిడ పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. రాత్రిపూట దుప్పటి కప్పుకుని వాట్సాప్‌లో ఆవిడ గొంతు వింటాడు. ‘ఏట్రా గుంటడా, అన్నం తిన్నావేట్రా’ అని ఉంటుందందులో. ఫోన్ లాగేసుకోమంటారు మా ఆయన.

మేడమ్: వద్దు, వద్దమ్మా. వాడికి ఆ గొంతు కావాలి. ముందు ఆ వాయిస్ మెసేజ్‌లన్నీ ఇంకో ఫోన్‌లోకీ, కంప్యూటర్‌లోకీ కాపీ చేయండి. ఫోన్ పాడైతే మళ్లీ దొరకవు. ఒకరోజు ‘నేనూ వింటాన్రా’ అని పక్కన కూర్చోండి. పిల్లల దుఃఖం పెద్దవాళ్లలా ఒక్క తీరున ఉండదు. ఇప్పుడేడ్చి, అయిదు నిమిషాల్లో క్రికెట్‌కి పరిగెడతారు. ఆడుకుంటున్నాడని మర్చిపోయినట్టు కాదు. నిద్ర లేకపోవడం, తిండి మానడం, బడికెళ్లననడం వారాల తరబడి ఉంటే మాత్రం పిల్లల మానసిక వైద్యులకి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు పలుకుతారు. ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు.

కాలర్: పుస్తకంలో వాడిచేత కూడా రాయించమంటారా?

మేడమ్: బలవంతం వద్దు. ఒక పేజీ వాడి కోసం వదలండి. బొమ్మ గీస్తే బొమ్మే వేయండి. అమ్మమ్మతో కలిసి వెళ్లే చోటేదైనా ఉందా వాడికి?

కాలర్: బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి. మార్గశిర గురువారాలు తప్పకుండా తీసుకెళ్లేది. అక్కడ ఎవరి చేత్తో వాళ్లే అమ్మవారికి పూజ చేసుకోవచ్చు కదండీ, పసుపు వీడిచేతే వేయించేది. ఈ ఏడాది మైల అని వెళ్లలేదు.

మేడమ్: సంవత్సరీకం అయ్యాక వాడు అడిగితే వెళ్లండి. అడిగేదాకా ఆగండి. పెద్దమ్మ దగ్గరికి మాత్రం ఆగొద్దు. వయసెంత ఆవిడకి?

కాలర్: ఎనభై దాటాయి. ఈ ఆదివారమే బస్సెక్కుతాను మేడమ్.

యాంకర్: మంచిదండీ. తర్వాతి కాలర్ గాజువాక నుంచి... హలో?