పన్ను వేరు ఎందుకు పుచ్చుతుంది?

(ఒంగోలులో విశ్రాంత ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక దంత వైద్యురాలు చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం.

అరవై దాటినవాళ్ళు క్లినిక్‌కి వచ్చి కూర్చోగానే అనే మాట ఒకటుంది. "వయసైపోయింది కదమ్మా, ఇక పళ్ళు పోక ఏం చేస్తాయి?" ఈ మాట నేను ఒప్పుకోను. వయసు ఒక్కటే పన్నును పుచ్చబెట్టలేదు. వయసుతో పాటు మన ఇంట్లోకి వచ్చి చేరే కొన్ని అలవాట్లు, కొన్ని మందులు ఆ పని చేస్తాయి. వాటిలో చాలావాటిని మనం మార్చుకోవచ్చు. అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

పిల్లల పళ్ళు సాధారణంగా నమిలే చోట, గుంటల్లో పుచ్చుతాయి. పెద్దల్లో పుచ్చు ఇంకోచోట, చిగురుకు ఆనుకుని పన్ను మెడ దగ్గర మొదలవుతుంది. చిగురు జారిపోతే లోపల ఉండాల్సిన వేరు బయటపడుతుంది. పైన కనిపించే పన్నుకు ఎనామిల్ అనే పైపొర రక్షణ ఉంది. మన శరీరంలో అంత గట్టి పదార్థం ఇంకోటి లేదు, దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజాలే. వేరుకు ఆ ఎనామిల్ లేదు. సిమెంటం అనే పల్చటి పొర ఒకటి ఉంటుంది కానీ బ్రష్ రాపిడికే అది అరిగిపోతుంది. దాని కింద పన్ను లోపలి భాగమైన డెంటిన్. అందులో ఖనిజం 70 శాతమే.

ఈ తేడా వల్ల ఏమవుతుందో చూడండి. పళ్ళ మీది పాచిలో ఉండే బాక్టీరియా మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ అన్నమాట. ఎనామిల్ కరగాలంటే పీహెచ్ సుమారు 5.5కి దిగాలి. వేరు మాత్రం 6.2, 6.5 మధ్యలోనే కరగడం మొదలుపెడుతుంది. అంటే పైపన్నుకు ఏ హానీ చేయని తిండి కూడా వేరును కరిగించగలదు. పళ్ళకు అంటుకుపోయే బిస్కెట్టు, బ్రెడ్డు చాలు.

పైగా నొప్పి ఉండదు. వయసు పెరిగేకొద్దీ పన్ను లోపలి నరం ఉండే గది కుంచించుకుపోతుంది కాబట్టి, ఇరవై ఏళ్ళ వాళ్ళకు జివ్వుమనే పుచ్చు డెబ్భై ఏళ్ళ వాళ్ళకు తెలియను కూడా తెలియదు. అది చిగురు వెంబడి పక్కలకు పాకుతుంది. చెట్టు మొదలు చుట్టూ గొడ్డలితో గాటు పెట్టినట్టు పన్ను మెడను చుట్టేస్తుంది. ఒకరోజు జంతిక కొరకగానే పన్ను విరిగి చేతిలోకి వస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉందమ్మా" అంటారు. అది బాగా లేక ఏళ్ళయి ఉంటుంది.

ఇప్పుడు అలవాట్ల దగ్గరకు వద్దాం. 1940లలో స్టీఫన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చక్కెర నీళ్ళతో నోరు పుక్కిలింపజేసి పాచిలోని పీహెచ్ కొలిచారు. కొద్ది నిమిషాల్లోనే అది పడిపోయింది. మళ్ళీ కోలుకోవడానికి అరగంట నుంచి గంట పట్టింది. దీన్ని మన రోజుకు అన్వయించి చూడండి. పొద్దున్నే ఐదున్నరకు చక్కెర టీ. వాకింగ్ నుంచి వచ్చాక ఇంకో కప్పు. పదకొండుకు ఎవరో వచ్చారని మరొకటి, దాంతో రెండు బిస్కెట్లు. నాలుగింటికి మళ్ళీ. మధ్యలో భోజనం అయ్యాక తీపి వక్కపొడి, దాన్ని బుగ్గన పెట్టుకుని అరగంట. ఒక్కో కప్పులో చక్కెర చెంచాడే అంటారు, నిజమే. కానీ ఒక్కో కప్పూ వేరును అరగంటో గంటో ఆమ్లంలో ఉంచుతుంది. లెక్క పెట్టాల్సింది చెంచాలతో పాటు సార్లను కూడా. పండగనాడు భోజనంతో పాటు రెండు బొబ్బట్లు తింటే నాకు అభ్యంతరం లేదు. రోజంతా గుక్కగుక్కగా తీపి టీ తాగితేనే భయపడతాను.

ఎన్నిసార్లు, ఎప్పుడు తింటున్నామన్నది ముఖ్యమని గట్టిగా తేల్చింది స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆస్పత్రిలో 1940లలో మొదలైన అధ్యయనం. భోజనాల మధ్య అంటుకుపోయే టాఫీలు తిన్నవాళ్ళకు పళ్ళు దారుణంగా పుచ్చాయి. అయితే ఆ టాఫీలు తినిపించింది మానసిక వైకల్యం ఉన్న రోగులకు, వాళ్ళ అనుమతి లేకుండా. అది అన్యాయం. వాళ్ళ పళ్ళు పోగొట్టి నేర్చుకున్న పాఠాన్ని మనం పట్టించుకోకపోవడం ఇంకో అన్యాయమని నాకనిపిస్తుంది.

రెండో సంగతి ఉమ్మి. ఆమ్లాన్ని విరిచేదీ, కరిగిన ఖనిజాన్ని పన్నుకు తిరిగి ఇచ్చేదీ ఉమ్మే. వయసు పెరిగితే ఉమ్మి దానంతటదే ఎండిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు కారణం మందుల డబ్బాలో ఉంటుంది. అలర్జీ మాత్రలు, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు, బీపీకి మూత్రం ఎక్కువ పోయేలా ఇచ్చే మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్ళకు ఇచ్చేవి, ఇవన్నీ నోటిని ఎండబెట్టగలవు. షుగర్ అదుపులో లేకపోయినా నోరు ఎండుతుంది, చిగుళ్ళూ చెడతాయి. గొంతు భాగంలో క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్ళ సంగతి అయితే చెప్పక్కర్లేదు, వాళ్ళు రేడియేషన్ మొదలవకముందు నుంచే దంత వైద్యుల దగ్గరకు రావాలి.

దయచేసి ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు మానకండి. మందుల చీటీ తీసుకెళ్ళి, నోరు ఎండుతోందని మీ డాక్టరుకు చెప్పండి. కొన్నిసార్లు మందు మార్చవచ్చు, కొన్నిసార్లు వేసుకునే వేళ మార్చవచ్చు. ఈలోగా నోరు తడి చేసుకోవడానికి చాలామంది పిప్పర్మెంటో, దగ్గు బిళ్ళో చప్పరిస్తుంటారు. పొడినోట్లో గంటల తరబడి చక్కెర నానితే వేరుకు అంతకన్నా ప్రమాదం లేదు. మంచినీళ్ళు కొంచెం కొంచెంగా తాగండి, లేదా చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి. షుగర్ పడిపోయినప్పుడు వేసుకునే గ్లూకోజ్ వేరే విషయం, అది ప్రాణం కాపాడేది. వేసుకోండి, తర్వాత నోరు పుక్కిలించండి.

మూడోది పొగాకు. టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాలు చూస్తూ పెరిగినవాళ్ళం మనం. ఈ పంట మీద చదువుకున్న పిల్లలు ఈ హాల్లో ఎందరి ఇళ్ళల్లోనో ఉన్నారు. రైతు కష్టం గురించి నేను ఒక్క మాటా అనను. కానీ సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా చిగురు జబ్బును పెంచుతుంది. పైగా చిగుళ్ళ నుంచి రక్తం రావడాన్ని తగ్గించి జబ్బును దాచిపెడుతుంది. ఖైనీ, గుట్కా బుగ్గన పెట్టుకునే చోట చిగురు జారి వేరు బయటపడుతుంది. నోటి క్యాన్సర్ భయం ఎలాగూ ఉంది.

తోముకునే తీరు కూడా చెప్పాలి. బొగ్గు, ఇటుక పొడి, గరుకు పండ్లపొడితో వేలు పెట్టి గట్టిగా రుద్దితే వేరు మీది పల్చటి పొర పోతుంది. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దినా అంతే. మెత్తటి బ్రష్ చాలు. వేప పుల్ల వాడేవాళ్ళు బాగా నమిలి కుచ్చులా మెత్తబడ్డాక మృదువుగా వాడుకోవచ్చు గానీ, అందులో ఫ్లోరైడ్ ఉండదు. వేరు గట్టిపడాలంటే ఫ్లోరైడ్ పేస్టు కావాలి.

ఫ్లోరైడ్ పేరెత్తగానే మీలో కొందరి ముఖాలు మారాయి. మారక ఏం చేస్తాయి? నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో తొలి నివేదిక 1937లో వచ్చింది మన దర్శి, పొదిలి ప్రాంతాల నుంచే. అప్పుడవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. వంగిపోయిన నడుములు, పసుపుపచ్చని పళ్ళు మనం కళ్ళారా చూశాం. అయితే లెక్క చూడండి. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు రోజుకు 3 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు కడుపులోకి వెళ్తుంది, అదీ చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు) దాటకూడదు. అంటే బ్రష్ మీద వేసుకునే ఒక గ్రాము పేస్టులో ఉండేది ఒక మిల్లీగ్రాము, దాన్నీ ఉమ్మేస్తాం. నీళ్ళ భయంతో పేస్టు మానేస్తే నష్టపోయేది మన వేర్లే. నీళ్ళ సంగతి నీళ్ళతోనే తేల్చుకోవాలి, మంచి నీళ్ళు ఇమ్మని అడగాలి. ఇళ్ళల్లో చిన్నపిల్లలుంటే మాత్రం వాళ్ళ బ్రష్ మీద పేస్టు మీరే కొంచెంగా వేయండి, మింగనివ్వకండి.

రోజులో ఒక్కసారే శ్రద్ధగా తోముకోగలం అంటే, ఆ ఒక్కసారి రాత్రి పడుకునే ముందు. నిద్రలో ఉమ్మి ఊరడం దాదాపు ఆగిపోతుంది. తోముకున్నాక నురుగు ఉమ్మేయండి, నీళ్ళతో పదేపదే పుక్కిలించకండి, పేస్టు కొంచెం పళ్ళ మీద ఉండనివ్వండి. ఆ తర్వాత పాలు, చక్కెర మాత్రం వద్దు.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం కూడా వదిలేయాలి. పన్నును పట్టి ఉంచే ఎముకను కరిగించేది గార మీద పేరుకునే పాచి. అప్పటికే పట్టు పోయిన పన్ను, గార తీయగానే కదులుతున్నట్టు తెలుస్తుంది, అంతే.

వేరు మీద లేత గోధుమరంగు మచ్చ కనిపిస్తే కంగారు పడకండి. ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, అలవాట్లు మార్చుకుంటే మెత్తటి మచ్చ గట్టిపడి ఆగిపోతుంది. నల్లగా మారుతుంది గానీ నల్లగా, గట్టిగా ఉన్న మచ్చ చాలాసార్లు ఆగిపోయిన పుచ్చే. మంచాన పడ్డ పెద్దవాళ్ళకు సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే మందును ఇంటి దగ్గరే, డ్రిల్లింగ్ లేకుండా పూయవచ్చు. అలాంటివాళ్ళ పళ్ళు తోమే బాధ్యత ఇంట్లో ఎవరిదో ముందే తేల్చుకోండి. తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు ఉంటే రాత్రి తీసి నీళ్ళలో వేయాలి. సెట్టు కొక్కెం పట్టుకున్న పళ్ళనే ముందు తోమాలి, పుచ్చు అక్కడే ఎక్కువ.

బయట వరండాలో లైటు, అద్దం పెట్టాం. మందుల చీటీ తెచ్చినవాళ్ళు ముందు రండి, నోరు చూసి, ఏ మాత్ర నోరు ఎండబెడుతోందో ఇద్దరం కలిసి చూద్దాం. ప్రశ్నలు ఉంటే ఇక్కడే అడగండి.