బోస్టన్‌లో చలి, ఒక విగ్రహం, ఒక తమ్ముడి కథ | కాప్లీ స్క్వేర్ వ్లాగ్

హాయ్ అండి, అందరికీ నమస్తే! మాట్లాడుతుంటే నోట్లోంచి పొగలొస్తున్నాయి, చూస్తున్నారా? ఫిబ్రవరి చలి మరి. ఇప్పుడే గ్రీన్ లైన్ ట్రైన్ దిగి కాప్లీ స్క్వేర్‌లోకి వచ్చాం. మా ఆయన, పిల్లాడు చలికి తట్టుకోలేక ఎదురుగా ఉన్న పబ్లిక్ లైబ్రరీలోకి దూరిపోయారు. నాకు మాత్రం ఇక్కడ పావుగంట పనుంది.

ఇదిగో, ఇది ట్రినిటీ చర్చి. 1877లో ప్రతిష్ఠ చేశారు. పక్కనున్న అద్దాల బిల్డింగులో దీని నీడ ఎంత బాగా పడుతోందో చూడండి. బయట ఉన్న ఈ విగ్రహం పేరు ఫిలిప్స్ బ్రూక్స్. ఈ చర్చికి ఇరవై రెండేళ్ళు పాస్టర్‌గా చేశారు. క్రిస్మస్‌కి బేత్లెహేము ఊరి మీద పాడే ఇంగ్లీషు పాట ఉంది కదా, మా గుంటూరు చర్చిలో కూడా పాడేవాళ్ళం, అది రాసింది ఈయనే! ఇన్నేళ్ళు ఈ దారినే ఆఫీసుకి వెళ్ళాను, ఒక్కసారీ పేరు చదవలేదు.

మొన్న 1900లో అచ్చయిన ఆయన జీవితచరిత్ర కనిపించింది. పెద్ద పుస్తకం. ప్రసంగాల జోలికి పోలేదు, నిజం చెప్తున్నా. ఇంటి ఉత్తరాలే ఏరుకుని చదివాను.

వీళ్ళు ఆరుగురూ మగపిల్లలే. అందులో నలుగురు పాస్టర్లయ్యారు. ఆ తల్లి ఎంత మురిసిపోయుంటుందో! ఫిలిప్స్ రెండోవాడు. మూడోవాడు జార్జ్. వాడు పాస్టర్ కాలేదు, 1862లో సివిల్ వార్, అంటే అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం, దాని మధ్యలో ఉత్తరాది సైన్యంలో చేరాడు. మసాచుసెట్స్ 45వ రెజిమెంట్. తొమ్మిది నెలల కోసం తీసుకున్న పటాలం అది. అన్న అప్పుడు ఫిలడెల్ఫియాలో, తమ్ముడు నార్త్ కరోలినాలో న్యూ బెర్న్ అనే ఊళ్ళో, అమ్మానాన్నలు ఇక్కడ బోస్టన్‌లో. ఇల్లు మూడు ముక్కలైతే దారం ఏముంటుందండీ, ఉత్తరమే.

అప్పట్లో ఉత్తరానికి 3 సెంట్ల స్టాంపు. సిపాయి దగ్గర స్టాంపు లేకపోతే కవరు మీద 'సోల్జర్స్ లెటర్' అని రాయించి పంపొచ్చు, డబ్బులు అందుకున్నవాళ్ళు కట్టుకోవాలి. మన బేరింగ్ ఉత్తరం గుర్తొచ్చిందా? పోస్ట్‌మ్యాన్ బేరింగ్ తెస్తే మా నాయనమ్మ ముందు తిట్టి, తర్వాత డబ్బులిచ్చేది. ఆ రోజుల్లో మాత్రం కొడుకు దగ్గర్నుంచి బేరింగ్ వస్తే ఏ తల్లీ తిట్టి ఉండదు.

డిసెంబర్ 1862లో ఆ రెజిమెంటు అక్కడి కిన్‌స్టన్, వైట్‌హాల్ అనే ఊళ్ళ దగ్గర పోరాడింది. కానీ జార్జ్‌ని తీసుకుపోయింది తూటా కాదు. టైఫాయిడ్. 1863 ఫిబ్రవరి 10న న్యూ బెర్న్‌లోనే పోయాడు. పాతికేళ్ళకి అటూ ఇటూ. ఆ యుద్ధంలో దెబ్బలు తగిలి పోయినవాళ్ళ కంటే జబ్బు చేసి పోయినవాళ్ళు దాదాపు రెట్టింపు. క్యాంపుల్లో మురికి నీళ్ళు, విరేచనాలు, జ్వరాలు. అదే జూలైలో రెజిమెంటు గడువు తీరి తిరిగొచ్చేసింది. నాకు మింగుడుపడనిది ఇదే, ఇంకో ఐదు నెలలు.

అన్న ఏం చేశాడంటే... ఆ వేసవిలో శత్రుసైన్యం, అంటే దక్షిణాదివాళ్ళు, ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలోకి వచ్చేసింది. ఫిలడెల్ఫియా పాస్టర్లు కొందరు కందకాలు తవ్వడానికి మేము సిద్ధం అని మేయర్ దగ్గరికి వెళ్ళారు. ఆరడుగుల నాలుగంగుళాల ఈ మనిషి కూడా ఆ గుంపులో ఉన్నాడు. తర్వాత ఆ రాష్ట్రంలోనే పెద్ద యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్ వెళ్ళి గాయపడినవాళ్ళ దగ్గర పనిచేశాడు. తమ్ముడి దగ్గర చేయలేనిది అక్కడ చేశాడేమో అని నాకనిపిస్తుంది. ఇది పుస్తకంలో లేదండోయ్, నా ఊహ.

నాకీ కథ ఎందుకు పట్టుకుందో మా రెగ్యులర్ వ్యూయర్స్‌కి తెలుసు. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. చేరిన కొత్తలో నాన్న ఇన్‌లాండ్ లెటర్ మీద 'కేరాఫ్ 56 ఏపీఓ' అని, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు, రాసేవారు. ఆ అడ్రసుని బట్టి వాడు ఎక్కడున్నాడో దేవుడికీ తెలీదు! జవాబు కూడా అంతే, "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను", ఆ పైన మూడు పంక్తులు. ఆ మూడు పంక్తులూ అమ్మ వారం రోజులు చదివేది.

సరే, ఇందాక ఈ విగ్రహం ఫొటో తీసి, కథంతా ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో తమ్ముడికి పంపాను. మనకి పొద్దున పదకొండు, వాడికి రాత్రి తొమ్మిదిన్నర. ఇదిగో, జవాబొచ్చింది. చూడండి, చదువుతా.

బొటనవేలు. ఒక్క బొటనవేలు పంపాడు వెధవ!

పదండి, లైబ్రరీలోకి పోదాం, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మావాడు బ్యాగులో పులిహోర డబ్బా అప్పుడే తెరిచేసి ఉంటాడు.