నీటికుక్క లేని సముద్రం

అందరికీ నమస్కారం.

సముద్రంలో ఏ జీవి ఎక్కడ బతకాలో నీళ్ల వేడి, ఉప్పు, వెలుతురు తేలుస్తాయని చదువుకున్నాం. అది సగం నిజం. ఎవరిని ఎవరు తింటున్నారన్నది మిగతా సగం. దీనికి అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

అక్కడి సముద్రపు నీటికుక్క మన కోరింగ మడ అడవుల్లో తిరిగేదానికి దూరపు చుట్టం. తిమింగలాలకున్నట్టు దీనికి చర్మం కింద కొవ్వు పొర ఉండదు. ఆ చలినీళ్లలో దాన్ని కాపాడేది దట్టమైన బొచ్చే. ఆ బొచ్చు కోసమే 18వ శతాబ్దం నుంచి వెంటపడి చంపారు. 1911లో ఈ వేట ఆపాలని దేశాల మధ్య ఒప్పందం కుదిరేనాటికి చాలా దీవుల్లో ఒక్కటీ మిగల్లేదు.

1970ల మొదట్లో జేమ్స్ ఎస్టెస్ అనే పరిశోధకుడు రెండు దీవుల దగ్గర నీళ్లలోకి దిగి చూశాడు. ఆమ్చిట్కాలో నీటికుక్కలు మళ్లీ పెరిగాయి; అక్కడ అడుగున కెల్ప్ అనే పెద్ద నాచు అడవిలా ఉంది. అవి లేని షెమ్యాలో ఎటు చూసినా ముళ్లబంతుల్లాంటి సీ అర్చిన్లు, బోడి రాళ్లు. అర్చిన్లు కెల్ప్‌ను మొదలు దగ్గరే కొరికేస్తాయి. పట్టు తెగాక అంత పొడుగు నాచూ కొట్టుకుపోవాల్సిందే. దాన్ని నమ్ముకున్న చేపలకూ చోటు పోతుంది. నీటికుక్క రోజుకు తన బరువులో దాదాపు నాలుగో వంతు తింటుంది, అర్చిన్లంటే దానికి మహా ఇష్టం. బొచ్చు వ్యాపారి చంపింది నీటికుక్కను, పోయింది మాత్రం అడవి.

కథ అక్కడ ఆగలేదు. 1990లలో నీటికుక్కలు మళ్లీ తగ్గాయి. ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్ అనే పెద్ద వేట జంతువులు, వాటిని తింటున్నాయని 1998లో ఎస్టెస్ బృందం తేల్చింది. వేల సంఖ్యలో అవి మాయమవడానికి, వాటినే తిని బతికే నాలుగు ఓర్కాలు చాలని వాళ్ల లెక్క! అర్చిన్లు పెరిగాయి, కెల్ప్ పలచబడింది.

ఓర్కాలు ఇంత చిన్న జంతువు మీద ఎందుకు పడ్డాయి? అవి అంతకుముందు తినే సీళ్లు, సీ లయన్లు తగ్గిపోవడం వల్ల అన్నారు. మరి అవెందుకు తగ్గాయి? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మనుషులు పెద్ద తిమింగలాలను విపరీతంగా వేటాడటంతో వాటిని తినే ఓర్కాలు సీళ్లు, సీ లయన్ల మీదికి తిండి మార్చుకుంటూ వచ్చాయని ఒక వాదన. దీన్ని ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. నాకూ మధ్యలో ఒకటి రెండు లంకెలు వదులుగానే కనిపిస్తాయి. అర్చిన్లకూ కెల్ప్‌కూ మధ్య జరిగేది నీళ్లలో దిగి చూడొచ్చు. అరవై ఏళ్ల కిందటి ఓర్కా ఏం తిన్నదో ఎవరు చూశారు?

ఇక మీ ప్రశ్నలు అడగండి.