చీకటి పడ్డాక కనిపించే నిప్పు

శ్రోతలకు నమస్కారం.

వేసవి సెలవులకు మన హైదరాబాద్ నుంచి యూరప్ వెళ్లొచ్చే కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఇటలీ అనగానే రోమ్, వెనిస్, పీసా చూసి తిరుగు విమానం ఎక్కేస్తారు. అలా వెళ్లేవాళ్లు ఒక్క సాయంత్రం స్ట్రాంబోలీ దీవి కోసం అట్టిపెట్టుకుంటే బాగుంటుందని నా కోరిక. అదీ పడవలో, పొద్దు వాలే వేళకి.

ఇటలీకి చెందిన సిసిలీ దీవికి ఉత్తరాన ఏయోలియన్ దీవులని ఏడున్నాయి. వాటిలో ఈశాన్యం కొసన ఉన్నది స్ట్రాంబోలీ. అదొక అగ్నిపర్వతం, ఎత్తు 924 మీటర్లు. అది నీళ్ల పైకి కనిపించే శిఖరం మాత్రమే, అంతకు మించిన పర్వతం సముద్రంలో మునిగి ఉంది. ఎన్నో వందల ఏళ్లుగా ఈ కొండ దాదాపు ఆగకుండా నిప్పులు చిమ్ముతూనే ఉంది. రాత్రిళ్లు నావికులు ఆ వెలుగు చూసి దారి పోల్చుకునేవారు కనుక మధ్యధరా సముద్రపు దీపస్తంభమని దానికి పేరు.

మరి సాయంత్రమే ఎందుకు? పగలు చూస్తే బూడిదరంగు పొగ తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. బిలంలోంచి ఎగిరే రాళ్లు సుమారు వెయ్యి డిగ్రీల వేడితో ఎర్రగా కాలుతూనే ఉంటాయి, కానీ ఎండలో ఆ ఎరుపు కంటికి ఆనదు.

పక్కదీవి లిపారి నుంచో, సిసిలీ తీరంలోని మిలాజ్జో నుంచో, స్ట్రాంబోలీ రేవు నుంచో పడవలు బయలుదేరతాయి. నల్ల ఇసుక తీరం, తెల్లటి ఇళ్లు. నైరుతి మూలన జినోస్త్రా అనే చిన్న పల్లె ఉంది. ఉప్పూ పప్పూ దగ్గర్నుంచి ఏదైనా పడవలో రావాల్సిందే. ఈశాన్యాన నీళ్లలోంచి నిటారుగా లేచిన స్ట్రాంబోలీక్కియో అనే రాయి ఒక పాత అగ్నిపర్వతపు గొంతులో గడ్డకట్టిన శిలాద్రవం. చుట్టూ ఉన్న మెత్తటి కొండ అరిగిపోయి అదొక్కటే మిగిలింది.

అసలు చూడవలసింది వాయవ్యపు వాలు, షియారా దెల్ ఫువోకో. శిఖరం దగ్గర్నుంచి సముద్రం దాకా గడ్డిపోచ మొలవని నల్లటి ఏటవాలు అది. పడమటి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. సరంగు ఇంజను ఆపేస్తాడు. తీరానికి ఎంత దూరంలో ఆగాలో అధికారుల నిబంధన ఉంది. అది సబబే. 2002 డిసెంబర్ 30న ఈ వాలు విరిగి సముద్రంలో పడితే లేచిన అలలు ఊళ్లోకి వచ్చాయి. 2019 జూలై 3న భారీ పేలుడులో ఒక పర్యాటకుడు చనిపోయాడు. అక్కడివాళ్లు ఇంకొంచెం దగ్గరికి పొమ్మని సరంగును తొందరపెట్టరు, మనమూ పెట్టకూడదు.

సూర్యుడు మునిగాక ఓ అరగంట ఓపిక పట్టాలి. ముందు పొగ అడుగున సన్నటి ఎరుపు జీర కనిపిస్తుంది. ఇంకాస్త చీకటి పడ్డాక ఉన్నట్టుండి నిప్పు పైకి చిమ్ముతుంది. శబ్దం అప్పుడే రాదు. మెరుపు తర్వాత ఉరుములాగా, కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వచ్చి తాకుతుంది. ఎర్రటి రాళ్లు వాలు మీద దొర్లుతూ, విరిగి రెండు మూడుగా చీలుతూ, నల్లబడుతూ కిందికొస్తాయి. పడవలో పిల్లలు కూడా మాట్లాడరు.

లోపలి శిలాద్రవంలో వాయువు బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, పైకొచ్చి పగిలినప్పుడల్లా ఇలా జరుగుతుంది. మామూలుగా పది ఇరవై నిమిషాలకోసారి. ప్రపంచంలో ఎక్కడ ఈ తరహా విస్ఫోటం కనిపించినా శాస్త్రజ్ఞులు ఈ దీవి పేరుతోనే పిలుస్తారు.

అక్కడి నల్లరాయి చేతిలోకి తీసుకుంటే ఒళ్లంతా చిల్లులే. వాయువు తప్పించుకుపోయిన దారులవి. మన గోల్కొండ గుట్టల గ్రానైట్ కూడా ఒకప్పుడు శిలాద్రవమే. అయితే అది సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో నింపాదిగా చల్లారింది, అందుకే అందులో గులాబి, తెలుపు, నలుపు రేణువులు కంటికి విడివిడిగా కనిపిస్తాయి. స్ట్రాంబోలీ రాయికి అంత తీరిక దొరకలేదు, గాల్లో ఎగిరి నిమిషాల్లో గడ్డకట్టింది. ఇది తెలిశాక బంజారాహిల్స్ బండల మీద నాకు గౌరవం పెరిగింది.

వెళ్లదలిచినవారికి రెండు మాటలు. పగలు ఎంత ఎండ కాసినా రాత్రి సముద్రగాలి చలి పుట్టిస్తుంది, స్వెటర్ ఉంచుకోండి. వాంతుల బెడద ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే వేసుకోండి. టికెట్ కొనేముందు మాత్రం పడవవాళ్లను ఒక్క సంగతి తప్పక అడగండి: పొద్దుగూకాక ఎంతసేపు ఆగుతారని. సూర్యుడు మునగ్గానే తిరిగొచ్చేస్తామంటే ఇంకో పడవ చూసుకోండి.

సెలవు. నమస్కారం.